అంకురంలో ఆరోగ్యం

తిరుమల క్షేత్రంలో బ్రహ్మోత్సవాలకు ధ్వజారోహణం జరిగే ముందునాటి రాత్రి అంకురార్పణ జరుగుతుంది. స్వామివారి సేనాధిపతి అయిన విష్వక్సేనులవారు ఊరేగింపుగా వెళ్ళి మృత్తికను సేకరించి తెస్తారు. ఆ మట్టిని పాలికలలో నింపి, అర్చకస్వాములు అందులో నవధాన్యాలను చల్లుతారు. ఓషధులకు అధిపతి చంద్రుడు గనుక విత్తే కార్యం రాత్రివేళ జరుగుతుంది. ఆ గింజలు ఎంత చక్కగా మొలకెత్తితే ఉత్సవం అంత శుభప్రదంగా సాగుతుందని పెద్దల విశ్వాసం.

మన ఇళ్ళలో వివాహానికి ముందు పాలికలు పోయడం కూడా ఇదే సంప్రదాయం. తెలుగునాట తండాలలో లంబాడీ కన్యలు తీజ్ పండుగనాడు వెదురు బుట్టలలో గోధుమలు చల్లి, తొమ్మిది రోజులు నియమంతో నీరుపోసి పెంచుతారు. శుభకార్యానికి ముందు ఒక గింజ చేత ప్రాణం పోసుకొనజేసి, ఆ పచ్చదనాన్ని సాక్షిగా నిలుపుకోవడం ఈ ఆచారాలన్నిటిలోని అంతరార్థం.

పాలికలలోని మొలకలు పూజార్హమైనవి. కార్యం ముగిసిన తరువాత వాటిని నీటిలో కలుపుతామే గాని ఆహారంగా స్వీకరించము. ఆ పవిత్రతను అలాగే ఉంచుదాం. అయితే పాలికను శ్రద్ధగా గమనించినవారికి ఒక సంగతి అర్థమవుతుంది. గుప్పెడు మట్టి, గుప్పెడు గింజలు, కొంచెం నీరు ఉంటే చాలు, పది రోజులలో పచ్చని ఆకు మన చేతికి వస్తుంది. ఆ విధంగానే వంటింటి కిటికీ వద్ద, తినడానికి ప్రత్యేకంగా పెంచుకొనే లేత ఆకులనే నేడు మైక్రోగ్రీన్స్ అంటున్నారు. ఈ వ్యాసంలో వాటిని ‘మొలకకూర’ అని పిలుస్తాను.

వృక్షశాస్త్రం బోధించి విశ్రాంతి తీసుకుంటున్న నన్ను భక్తులు కొందరు దర్శనానికి వచ్చినప్పుడు వీటి గురించి అడుగుతున్నారు. వీటిపై ప్రచారంలో ఉన్న మాటలలో కొంత సత్యం ఉంది, కొంత అతిశయోక్తి ఉంది. ఆ రెంటినీ వేరుచేసి చెప్పడం నా బాధ్యత అనుకుంటున్నాను. ఆ భేదం తెలియక నేను చేసిన పొరపాటు వల్ల మా ఇంట్లో ఒక ప్రమాదం తృటిలో తప్పింది. దానిని కూడా దాచకుండా చెబుతాను.

గింజలో జరిగే అద్భుతం

ఎండిన గింజ నిద్రిస్తున్న ప్రాణి వంటిది. దానిలో చిన్న పిండం, ఆ పిండానికి కావలసిన దారిబత్తెం ఉంటాయి. పిండిపదార్థం, మాంసకృత్తులు, కొవ్వు, ఖనిజాలు అన్నీ కదలకుండా మూటకట్టి ఉంటాయి. నీరు తగలగానే గింజ ఉబ్బుతుంది, ఎంజైములు మేల్కొంటాయి. పిండిపదార్థం చక్కెరలుగా, మాంసకృత్తులు అమైనో ఆమ్లాలుగా విడివడతాయి. ఖనిజాలను పట్టి ఉంచే ఫైటేట్ అనే పదార్థం కొంత తగ్గుతుంది. అందువలన ఇనుము, జింకు వంటివి మన శరీరానికి మునుపటికన్నా సులువుగా అందుతాయి. ఎండు పప్పుధాన్యాలలో దాదాపు లేని విటమిన్ సి మొలకెత్తేటప్పుడు కొత్తగా తయారవుతుంది.

ఈ మార్పులను మన స్త్రీలు ఎప్పటినుండో చూస్తూనే ఉన్నారు. శ్రావణమాసంలో పేరంటాలకు వెళ్ళివచ్చిన ఇల్లాలి ఇంట వాయనాల శనగలు కుప్పపడతాయి. నానిన ఆ శనగలు మర్నాటికి తెల్లని ముక్కు బయటపెడతాయి. అదే శ్రీరామనవమినాటి వడపప్పును ఎంత నానబెట్టినా మొలక రాదు. పెసలను విసిరి బద్దలుగా చేసినప్పుడే పిండం దెబ్బతింటుంది. మొలకకు గింజ అఖండంగా ఉండాలి.

ఈ ప్రక్రియ భూమిపైనే కాదు, భూమిని దాటి కూడా సాగింది. 2024 డిసెంబర్ 30న మన శ్రీహరికోట నుండి బయలుదేరిన పీఎస్ఎల్‌వీ-సీ60 రాకెట్టుతో ఇస్రో ఎనిమిది అలసంద గింజలను అంతరిక్షానికి పంపింది. అవి నాలుగు రోజులలో మొలకెత్తి, ఆ తరువాత ఆకులు కూడా తొడిగాయి. 2025లో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి వెళ్ళిన శుభాంశు శుక్లా అక్కడ పెసలను, మెంతులను మొలకెత్తించే ప్రయోగం చేశారు. దూరప్రయాణాలు చేయబోయే వ్యోమగాములకు తాజా ఆహారం ఎలా అందించాలన్నది శాస్త్రవేత్తల ఆలోచన. నవధాన్యాలలో చోటున్న అలసందలు, పెసలు కూడా అందుకు ఎంపిక కావడం మనకు ఆనందదాయకం.

మొలకలు వేరు, మొలకకూర వేరు

ఈ రెంటినీ చాలామంది ఒకటే అనుకుంటారు. మొలకలు అంటే గుడ్డలో మూటకట్టి రెండు మూడు రోజులు ఉంచిన గింజలు. వాటిని వేరుతో, గింజతో సహా తింటాము. మొలకకూర అంటే మట్టిలో గాని కొబ్బరి పొట్టులో గాని చల్లి, వెలుతురు తగిలేలా వారం నుండి రెండు వారాలు పెంచిన లేత మొక్క. మొదటి జంట ఆకులు విచ్చుకొని, రెండు మూడు అంగుళాల ఎత్తు వచ్చాక వేరును వదలి కాడ పైభాగాన్ని మాత్రమే కత్తిరించి తింటాము.

ఈ భేదం చిన్నది కాదు. వెలుతురు తగిలినప్పుడే ఆకు పచ్చబడుతుంది, కెరోటిన్ల వంటి వర్ణద్రవ్యాలు సమృద్ధిగా ఏర్పడతాయి. ఇక మూటలోని చెమ్మ, వెచ్చదనం సూక్ష్మక్రిములకు కూడా అనుకూలమైనవే. గాలి, వెలుతురు తగిలే మొలకకూరలో ఆ భయం తక్కువ. పూర్తిగా లేదని మాత్రం చెప్పలేము.

పోషకాలు ఎంత?

2012లో అమెరికాలోని మేరీలాండ్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు, ఆ దేశ వ్యవసాయశాఖ శాస్త్రవేత్తలు కలిసి 25 రకాల మొలకకూరలను పరీక్షించారు. విటమిన్ సి, ఇ, కె, కెరోటిన్లు ఎంతెంత ఉన్నాయో కొలిచారు. ఎర్ర క్యాబేజీ మొలకకూరలో వంద గ్రాములకు 147 మిల్లీగ్రాముల విటమిన్ సి తేలింది. కంటికి మేలుచేసే ల్యూటిన్, జియాజాంథిన్ అనే పదార్థాలలో మన కొత్తిమీర మొలకకూర అగ్రస్థానంలో నిలిచింది. విటమిన్ కె లో ఎర్ర తోటకూర మొలక మొదటిది. చీకటిలో పెంచిన పసుపు రంగు బఠాణీ మొలకలు, వెలుతురులో పెరిగిన పచ్చని బఠాణీ మొలకలకన్నా వెనుకబడ్డాయి.

ముదురు ఆకులకన్నా మొలకకూరలో పోషకాలు నాలుగు నుండి నలభై రెట్లు అధికం అనే మాట ఈ పరిశోధన తరువాతనే లోకమంతా వ్యాపించింది. ఆ మాటను జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి. అది కొన్ని రకాలకు, కొన్ని విటమిన్లకు, సమానమైన తూకానికి వర్తించే లెక్క. మనం తినేటప్పుడు తూకం సమానంగా ఉండదు. తోటకూర పప్పులో మనిషికి వంద గ్రాముల ఆకు సులువుగా పడుతుంది. మొలకకూర గుప్పెడు కోస్తే పదిహేను గ్రాములకు మించదు. పైన చెప్పిన ఎర్ర క్యాబేజీ మొలకనే పదిహేను గ్రాములు తింటే సుమారు 22 మిల్లీగ్రాముల విటమిన్ సి లభిస్తుంది. పెద్ద వయసు స్త్రీకి రోజుకు 65 మిల్లీగ్రాములు కావాలని భారత వైద్య పరిశోధన మండలి సూచన. అంటే మూడోవంతు అందినట్లు. ఇది మంచి సహాయమే. కాని కార్తీక వనభోజనాల నాడు మనం పూజించే ఉసిరిచెట్టు కాయ ఒక్కటి తింటే అంతకన్నా ఎక్కువే లభిస్తుంది.

కనుక మొలకకూర పప్పుకు, పాలకు, కూరగాయలకు ప్రత్యామ్నాయం కాదు. గుప్పెడు మొలకకూరలో మాంసకృత్తులు స్వల్పం. విటమిన్ బి12 అందులో లేదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ రోజుకు ఆకుకూరలతో కలిపి సుమారు 400 గ్రాముల కూరగాయలు తినమంటున్నది. ఆ పళ్ళేనికి మొలకకూర ఒక అలంకారం, ఒక బలం. అది పళ్ళెం మొత్తం కాజాలదు.

మరి దీని అసలైన విలువ ఎక్కడ? 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారు. మన భోజనంలోని పప్పు, ధాన్యం, ఆకుకూరలలో ఇనుము ఉన్నా అది రక్తంలోనికి తక్కువగా చేరుతుంది. అదే భోజనంలో పచ్చిగా ఉన్న, విటమిన్ సి గల పదార్థం ఏదైనా ఉంటే ఇనుము బాగా ఒంటబడుతుంది. వండితే విటమిన్ సి చాలావరకు నశిస్తుంది. మన పూటభోజనంలో పచ్చిగా తినేది సాధారణంగా చాలా తక్కువ. పప్పన్నంలో నిమ్మరసం పిండి, పక్కన గుప్పెడు మొలకకూర పెట్టుకుంటే ఆ లోటు కొంత తీరుతుంది. అయితే రక్తహీనత ఉన్నవారు వైద్యులిచ్చిన ఇనుము మాత్రలను మాత్రం మానరాదు.

నా పొరపాటు

మా అమ్మగారికి గుండె కవాటం మార్చారు. లోహపు కవాటంపై రక్తం గడ్డకట్టకుండా ఆమె ప్రతిదినం రక్తం పలుచబరిచే మాత్ర వేసుకుంటారు. నెలకొకసారి ఐ.ఎన్.ఆర్. అనే రక్తపరీక్ష చేయించాలి. మొలకకూర పెంచడం ఆరంభించిన ఉత్సాహంలో నేను ఆమెకు ప్రతిదినం మధ్యాహ్నం పెరుగు పచ్చడిలో రెండు గుప్పెళ్ళ తోటకూర, ఆవ మొలకలు కలిపి పెట్టాను. ఆమె ఇష్టంగా తినేవారు. ఆ నెల పరీక్షలో ఫలితం ఉండవలసినదానికన్నా బాగా తగ్గింది. మాత్రలు మానలేదు, మోతాదు మారలేదు. వైద్యులు నెమ్మదిగా, “కొత్తగా ఏమైనా తింటున్నారా?” అని అడిగారు.

అప్పుడు నాకు వెలిగింది. ఆ మాత్ర పనిచేసేది శరీరంలో విటమిన్ కె పనిని అడ్డుకొని. పచ్చని ఆకులలో ఉండేది విటమిన్ కె. ఒక్కసారిగా దానిని పెంచితే మాత్ర బలం తగ్గుతుంది. కవాటంపై గడ్డ ఏర్పడి మెదడుకు చేరితే పక్షవాతం రావచ్చు. విద్యార్థులకు విటమిన్ల పాఠం చెప్పిన నేనే ఈ సంగతి తలపునకు తెచ్చుకోలేదు. వైద్యులు మందు సరిచేశారు. దైవానుగ్రహం వల్ల కీడు జరగలేదు.

ఇంటికి వచ్చాక అమ్మ నన్ను నొప్పించకుండా ఒక మాట అన్నారు. “మంచిదని పెట్టావమ్మా, మంచిదే. అది నాకు మంచిదో కాదో మాత్రం అడగలేదు.” ఆ మాట నేను మరువలేదు. వైద్యులు ఆకుకూరలు పూర్తిగా మానమనలేదు. ప్రతిదినం కొద్దిపాటిగా, ఒకే పరిమాణంలో తినమన్నారు. ఇప్పుడు ఆమెకు ఒక చిన్న చెంచాడు మాత్రమే, కొలిచి పెడుతున్నాను.

రక్తం పలుచబరిచే మందులు వాడేవారు, మూత్రపిండాల వ్యాధి వలన పొటాషియం తగ్గించుకోవలసినవారు తమ వైద్యులను అడిగిన తరువాతనే మొలకకూర మొదలుపెట్టాలి. మధుమేహానికి మందులు వాడేవారు మెంతి మొలకలు తింటున్నామనే ధైర్యంతో మందులు ఆపరాదు.

ఏవి విత్తరాదు?

మొలిచినదల్లా తినదగినది కాదు. టమాట, వంగ, మిరప, బంగాళాదుంప జాతి మొక్కల లేత ఆకులలో విషపదార్థాలు ఉంటాయి. ఆముదం గింజ విషమని అందరికీ తెలిసినదే. రాజ్మా మొలకలను పచ్చిగా తినరాదు. జొన్న మొలకలో సైనైడును విడుదల చేసే పదార్థం ఉంటుంది. కోసిన జొన్నచేలో మళ్ళీ చిగిర్చిన నాము మేసి పశువులు పడిపోవడం మన రైతులు ఎరిగిన విషయమే. ఎండు జొన్నలు నిక్షేపమైన ఆహారం, కాని వాటి పచ్చి మొలక మాత్రం మనకు వద్దు.

రెండవ జాగ్రత్త మరీ ముఖ్యమైనది. పొలంలో నాటడానికి అమ్మే విత్తనాలకు తెగుళ్ళు రాకుండా మందు పట్టిస్తారు. గుర్తుకోసం వాటికి గులాబీ, ఎరుపు, ఆకుపచ్చ వంటి రంగు వేస్తారు. ఒకసారి నేను ఒక దుకాణంలో ముల్లంగి విత్తనాలు అడిగితే గులాబీ రంగు గింజలు ఇచ్చారు. పొట్లంపై విషసూచన చిన్న అక్షరాలలో ఉంది. నీటిలో వేశాక రంగు దిగినప్పుడు గాని నేను చూడలేదు. కడిగినంత మాత్రాన ఆ మందు పోదు. అటువంటి విత్తనాలను మొలకకూరకు ఎన్నడూ వాడరాదు. వంటకు వాడే మెంతులు, ఆవాలు, ధనియాలు, పెసలు, ఉలవలు అన్నిటికన్నా క్షేమం. కొత్తగా పెంచేవారు వాటితోనే ఆరంభించాలి.

పెంచే విధానం

ఖర్చు స్వల్పం, శ్రమ అంతకన్నా స్వల్పం.

1. రెండంగుళాల లోతున్న వెడల్పాటి పళ్ళెం లేదా ఖాళీ మిఠాయి పెట్టె తీసుకొని, అడుగున నీరు దిగడానికి చిల్లులు పెట్టాలి. పశువుల ఎరువు కలపని శుభ్రమైన మట్టి గాని, కొబ్బరి పొట్టు గాని ఒకటిన్నర అంగుళం నింపాలి. పచ్చి పేడ తగలరాదు.

2. మెంతులు, పెసలు, ఉలవలను కడిగి ఆరేడు గంటలు నానబెట్టాలి. ఆవాలు, తోటకూర విత్తనాలు నానబెట్టకుండానే చల్లవచ్చు. ధనియం ఒక్కటిగా కనబడినా అందులో రెండు గింజలుంటాయి. వాటిని చపాతీ కర్రతో మెల్లగా నలిపి రెండుగా విడదీసి నానబెట్టాలి.

3. గింజ పక్కన గింజ పడేలా, ఒకదానిపై ఒకటి పడకుండా చల్లాలి. దట్టంగా చల్లితే గాలి ఆడక కుళ్ళిపోతాయి.

4. నీటిని చిలకరించి, మరొక పళ్ళెంతో రెండు మూడు రోజులు మూసి ఉంచాలి. మొలకలు లేచి మూతను తాకిన వెంటనే మూత తీసి కిటికీ వెలుతురులో పెట్టాలి. మన ప్రాంతపు మిట్టమధ్యాహ్నపు ఎండకు అవి తాళలేవు. ఉదయపు ఎండ చాలు.

5. రోజుకు రెండుసార్లు తాగునీరు పోయాలి. మట్టి తడిగా ఉండాలి, నీరు నిలువ ఉండరాదు.

మూడవ నాలుగవ రోజున వేరు వద్ద తెల్లని నూగు కనబడితే బూజు అని భయపడి పారవేస్తారు. అది చాలావరకు వేరు నూగు. నీరు చిలకరించగానే అణగిపోతుంది. సాలెగూడులా కాడల మధ్య అల్లుకొని, ముక్కవాసన వస్తే అది నిజమైన బూజు. అప్పుడు ఆ పళ్ళెం మొత్తాన్ని పారవేయాలి. పైపైన ఏరుకొని తినరాదు.

పెసలు వారంలో, ఆవాలు, మెంతులు ఎనిమిది నుండి పది రోజులలో కోతకు వస్తాయి. తోటకూర రెండు వారాలు తీసుకుంటుంది. ధనియాలకు రెండు మూడు వారాల ఓర్పు కావాలి. మూడు రోజులకొక పళ్ళెం చొప్పున విత్తుకుంటూపోతే ఇంట్లో నిత్యం పచ్చదనమే.

తినే విధానం

తినబోయే ముందు శుభ్రమైన కత్తెరతో మట్టికి అర అంగుళం పైన కోసి, తాగునీటిలో కడగాలి. మెంతి మొలకను వడ్డించిన పప్పుపై చల్లుకోవచ్చు. ఆవ మొలక కొంచెం ఘాటు. అది పెరుగు పచ్చడిలో బాగుంటుంది. పెసర మొలకను కొబ్బరికోరు, నిమ్మరసంతో కలిపితే పిల్లలు కూడా తింటారు. కొత్తిమీర మొలకను చారు పొయ్యి మీద నుండి దించిన తరువాత వేయాలి. మరిగించితే ప్రయోజనం సగం పోతుంది. మిగిలినదానిని కడగకుండా, పొడిగా డబ్బాలో పెట్టి ఫ్రిజ్జులో ఉంచితే మూడు నాలుగు రోజులు నిలుస్తుంది.

పచ్చి ఆహారం గనుక శుభ్రతలో రాజీ పనికిరాదు. 2011లో జర్మనీలో మెంతి మొలకల ద్వారా వ్యాపించిన క్రిమి వలన వేలమంది జబ్బుపడ్డారు. యాభైమందికి పైగా మరణించారు. దోషం గింజలలోనే ఉండడం వలన అంత అనర్థం జరిగింది. అవి మూటకట్టిన తరహా మొలకలు, మొలకకూర కాదు. అయినా పాఠం రెంటికీ ఒకటే. గర్భిణులు, పసిపిల్లలు, వృద్ధులు, రోగనిరోధకశక్తి తగ్గినవారు మొలకలను ఉడికించి తినడమే శ్రేయస్కరం. కొంత విటమిన్ పోయినా ప్రాణభయం ఉండదు.

ఇదే కారణంగా దాతలకు ఒక విన్నపం. కొందరు భక్తులు యాత్రికులకు పంచడానికి పచ్చి మొలకలను ఇంటినుండి తెస్తుంటారు. వారి ఉద్దేశం ఉన్నతమైనదే. కాని ఎండలో గంటలతరబడి మూతపెట్టి ఉన్న మొలకలు పాడవడానికి ఎంతోసేపు పట్టదు. క్యూలో ఉన్న వృద్ధునికో, గర్భిణికో అవి హాని చేయవచ్చు. పదిమందికి పెట్టదలచినవారు ఆకుకూరలను, పప్పుధాన్యాలను అన్నదాన వంటశాలకు సమర్పిస్తే అవి చక్కగా ఉడికి, ప్రసాదమై అందరికీ చేరుతాయి. మొలకకూరను మాత్రం ఎవరి ఇంట వారు పెంచుకొని తాజాగా తినడమే మేలు.

ముగింపు

అన్నాన్ని పరబ్రహ్మస్వరూపంగా భావించే సంప్రదాయం మనది. ఆ భావనలో కృతజ్ఞత ఉంది, వివేకం కూడా ఉంది. మొలకకూర సర్వరోగనివారిణి కాదు, నిరుపయోగమూ కాదు. తన పరిమితిలో అది ఎంతో మేలు చేసే ఆహారం. ఎవరికి, ఎంత, ఎలా అన్న మూడు ప్రశ్నలు వేసుకొని తింటే చాలు.

మా ఇంట ఇప్పుడు పళ్ళేలకు నీరుపోసే పని అమ్మగారిదే. ఉదయం పూజ ముగించి, కిటికీ వద్దకు వెళ్ళి, ఏ గింజ లేచిందో ఏది లేవలేదో చూసి నాకు చెబుతారు. ఆమె తినేది చెంచాడే అయినా, ఆ పచ్చదనాన్ని చూసి పొందే ఆనందానికి కొలత లేదు. పాఠకులు కూడా ఈ వారంలోనే ఒక పళ్ళెంలో గుప్పెడు మెంతులు చల్లి చూడగలరని ఆశిస్తున్నాను. స్వామివారి అనుగ్రహంతో మీ ఇంట ఆ అంకురం ఆరోగ్యమై పెరుగుగాక!